మా ఇంటి కొత్త నేల

మాది షోలాపూర్ పూర్వ భాగ్‌లో తాత కట్టించిన ఇల్లు. ముందర ఒక గది, వెనక వంటిల్లు, పక్కన స్నానాలకు మోరి, వీధి వైపు చిన్న అరుగు. ఇంతే. ముందరి గదిలోనే మేం ఐదుగురం తింటాం, చదువుకుంటాం, పడుకుంటాం. అందులోనే ఒక మూల కూర్చొని బాపమ్మ బీడీలు చేస్తుంది. గదంతా షాబాదీ పర్శి. పోయిన దీపావళి సెలవుల్లో ఆ పర్శి మీద వినైల్ షీట్ పరిచాం. పరిచింది ఒక్క పూటలోనే, కానీ ఏది పరచాలి, ఎక్కడి దాకా పరచాలి అని తేల్చుకోవడానికి మాకు మూడు నెలలు పట్టింది.

షాబాదీ పర్శి మన ఊరివాళ్ళకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. మన పాత ఇళ్ళన్నిట్లో అదే ఉంటుంది. షాబాద్ అనేది కర్ణాటకలో కలబురగి జిల్లాలో ఒక ఊరు. మనం రైల్లో వాడి వైపు పోతుంటే దారిలోనే వస్తుంది. అది సున్నపురాయి. పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి పలకలుగా లేస్తుంది. ఎండాకాలం మన దగ్గర 40 డిగ్రీలు దాటినప్పుడు ఆ రాయి మీద వట్టి వీపుతో పడుకుంటే ఉండే సుఖం ఏ కూలర్ కిందా ఉండదు. ఇది నా మాట కాదు, బాపమ్మ మాట. కానీ నేనూ ఒప్పుకుంటాను.

రాయి మంచిదే, చిక్కంతా సందులతోనే వచ్చింది. తాత కాలంలో పర్శిని మట్టి మీద సున్నం వేసి పరిచారట. రెండు పలకల మధ్య వేసిన సున్నం ఎప్పుడో రాలిపోయింది. ఆ సందుల్లో ఏం దూరినా చీపురుకు రాదు. మా ఇంట్లో దూరేవి రెండు. ఒకటి బాపమ్మ చాటలోంచి రాలే తంబాకు పొడి. రెండోది బాపు బట్టలకు అంటుకొని వచ్చే దూది నూగు. బాపు టవళ్ళ సాంచెల మీద పని చేస్తాడు. రాత్రి డ్యూటీ దిగి ఇంటికొస్తే కనుబొమ్మలు కూడా తెల్లగా ఉంటాయి.

మా తమ్ముడు రెండో తరగతి. వాడికి చిన్నప్పటి నుంచి ఆయాసం. రాత్రి పూట ఛాతీలో పిల్లికూతలు వస్తాయి. పోయిన జులైలో వరసగా నాలుగు రాత్రులు వాణ్ని కూర్చోబెట్టుకొని అమ్మ నిద్రపోలేదు. డాక్టరు పీల్చే మందు రాసిచ్చి, "మందు మందే, కానీ ఇంట్లో దుమ్ము, చెమ్మ తగ్గించాలి" అన్నాడు. ఇంట్లో ఎవరేం పని చేస్తారని అడిగాడు. బీడీలని అమ్మ చెప్పింది. ఆయన పెన్ను కింద పెట్టి ఒక నిమిషం ఏమీ అనలేదు.

ఇంటికి వచ్చాక మొదలైంది అసలు గొడవ. గొడవంటే కేకలేం కాదు. అమ్మ చాలా మెల్లగానే అంది. "అత్తమ్మా, ఇంక బీడీలు బంద్ పెట్టరాదు? పిలగానికి పడ్తలేదు."

బాపమ్మ చేతిలో ఆకు ఆగలేదు. "బంద్ పెట్టి ఖాళీగ కూసోవాల్నా? నా మందులకు నేను ఇప్పటిదాక ఎవ్వల ముందట చెయ్యి చాపలే."

"మేము పరాయోళ్ళమా అత్తమ్మా?"

"పరాయోళ్ళని అన్ననా? నా పైసలు నాకుండాలె అన్న."

బాపమ్మకు బీడీ కార్డు ఉంది. పదమూడేళ్ళ వయసు నుంచి ఆ పని చేస్తోంది. తాత మిల్లు మూతపడ్డప్పుడు ఇల్లు నడిచింది ఆ చాట మీదనే అని మా బంధువులందరూ చెప్తారు. అమ్మకు ఆ సంగతి తెలుసు. అటు పక్కన తమ్ముడి దగ్గు. ఇద్దరిలో ఎవరిది న్యాయం అని నన్నడిగితే నేను చెప్పలేను. బాపు మాత్రం ఎప్పటిలాగే ఏమీ మాట్లాడలేదు. సాంచెల మోతలో పొద్దంతా ఉండేవాళ్ళు ఇంట్లో తక్కువ మాట్లాడతారని అమ్మ అంటుంది. రెండు రోజులు ఊరుకొని మూడో రోజు, "నేల మారుద్దాం" అన్నాడు.

నేల మార్చడమంటే మొదట అందరికీ గుర్తొచ్చేది టైల్స్. బాపు వద్దన్నాడు. టైల్స్ వేయాలంటే పర్శి తవ్వాలి, లేదా దాని మీదే సిమెంటు పోసి ఎత్తు పెంచాలి. ఎత్తు పెరిగితే తలుపులు కోయాలి. ఇంకో కారణం కూడా ఉంది. ఇల్లు ఇంకా తాత పేరు మీదే ఉంది, బాబాయితో వాటా తేలలేదు. "పంచుకునే ఇంట్ల తవ్వుడు ఎందుకు? ఎత్తితే వచ్చేది ఏదన్న ఏద్దాం" అన్నాడు. ఆయనతో పని చేసే ఒకతను ఇంట్లో వినైల్ వేయించాడట. అలా ఆ మాట మా ఇంట్లోకి వచ్చింది. బాపమ్మ దానికి వెంటనే "పలాస్టిక్ చాప" అని పేరు పెట్టేసింది.

ఆ పేరు తప్పేం కాదు. వినైల్ అంటే పాలీవినైల్ క్లోరైడ్, మనం పీవీసీ అంటాం. నీళ్ళ పైపులకు వాడేది కూడా అదే. పైపు గట్టిగా ఉంటుంది, షీటు మెత్తగా చుట్ట చుట్టుకుంటుంది. రెండూ ఒకటే ఎలా అవుతాయని నేను సైన్స్ టీచర్‌ని అడిగాను. పీవీసీ సహజంగా గట్టిదే, దానికి మెత్తదనం ఇచ్చే పదార్థాలు కలిపితే వంగుతుంది అని చెప్పారు. ఆ పద్ధతి కనిపెట్టింది వాల్డో సెమన్ అనే అమెరికా శాస్త్రవేత్త, 1926లో. ఆయన వెతికింది నిజానికి రబ్బరును లోహానికి అతికించే జిగురు కోసం. దొరికింది ఇది. 1933లో చికాగోలో జరిగిన పెద్ద ప్రదర్శనలో వినైల్ నేల పలకలను జనానికి చూపించారు. అంతకు ముందు ఇలాంటి చోట్ల లినోలియం పరిచేవాళ్ళు. అది అవిసె నూనె, బెండు పొడి కలిపి గోనెగుడ్డ మీద పూసి చేసేది. మనలో కొందరు పెద్దవాళ్ళు ఇప్పటికీ వినైల్‌నే లినోలియం అంటారు గానీ రెండూ వేరు. మన రైలు బోగీల్లో కాళ్ళ కింద ఉండేది పీవీసీనే. అంతమంది తొక్కినా ఆగుతుందంటే మా ఐదుగురికి ఆగదా అనుకున్నాను.

ఆగస్టులో బాపు, నేను దుకాణానికి పోయాం. అక్కడ మూడు రకాలు చూపించారు. మొదటిది చుట్టలుగా వచ్చే షీటు. రెండోది వెనక జిగురు ఉండి, కాగితం తీసి అంటించే పలకలు. మూడోది చెక్క పట్టీల్లా ఉండి ఒకదాంట్లో ఒకటి టక్కుమని ఇరుక్కునేవి. వాటి లోపల రాతి పొడి కలిపిన గట్టి పొర ఉంటుంది. పట్టీలు చూడడానికి చాలా బాగున్నాయి, నిజం చెప్పాలంటే నాకు అవే కావాలనిపించింది. కానీ ధర షీటుకు మూడింతల పైనే ఉంది. అంటించే పలకలు చౌకే గానీ పలక పలకకూ మళ్ళీ ఒక సందు. మేం వదిలించుకోవాలనుకున్నదే ఆ సందులను! పైగా కింద చెమ్మ ఉంటే జిగురు ఊడిపోతుంది. అందుకని షీటే ఖాయం చేశాం.

షీట్లలో కూడా రకాలున్నాయి. మందం ఎంత అని మాత్రమే అడిగితే సరిపోదని అక్కడే తెలిసింది. బొమ్మ మీద కనబడకుండా ఒక పారదర్శకమైన పొర ఉంటుంది. అరుగుదలను ఆపేది అదే. దాని మందం మిల్లీమీటరులో పదో వంతుల్లో చెప్తారు. మొత్తం షీటు మందంగా ఉండి పై పొర పలచగా ఉంటే రెండేళ్ళలో నడిచే దారంతా బొమ్మ చెరిగి తెల్లబడుతుందట. రెండోది వెనక వైపు చూడాలి. కొన్ని చౌక రకాలకు వెనక కాగితంలాంటిది, ఊలులాంటిది ఉంటుంది. అది చెమ్మను పీల్చుకుంటుంది. మా ఇంటికి వెనక కూడా పీవీసీ ఉన్నదే కావాలి. మొత్తం 2 మిల్లీమీటర్లు, పై పొర 0.3 ఉన్న రకం బాపు ఎంచాడు. రంగు విషయంలో అమ్మ మాటే నెగ్గింది. మరీ ముదురు వద్దు, దుమ్ము తెల్లగా కనబడుతుంది. మరీ లేత వద్దు, తంబాకు నల్లగా కనబడుతుంది. మా ఇంట్లో రెండూ ఉన్నాయి కదా! మధ్యలో ఒక బూడిద గోధుమ రంగు దొరికింది.

ఆ రోజే డబ్బు కట్టేవాళ్ళమే గానీ దుకాణంలో పరిచే పని చేసే పెద్దాయన ఒకరు బాపును ఆపి, "పాత పర్శి కదా, ముందు చెమ్మ చూసుకోండి" అన్నాడు. చూడడం ఎలాగో కూడా చెప్పాడు. రెండడుగుల చదరం పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం తీసుకొని నేల మీద పరిచి, నాలుగు అంచులూ గాలి పోకుండా టేపుతో అంటించాలి. ఒక పగలు ఒక రాత్రి వదిలేయాలి. కాగితం అడుగున నీటి బొట్లు కనిపిస్తే నేలలోంచి చెమ్మ పైకి వస్తున్నట్టు. పైన మాత్రమే తడి ఉంటే అది గాలిలోని తేమ. వానలప్పుడే చూడాలన్నాడు. మన ఊళ్ళో సెప్టెంబర్‌లో వానలెక్కువ కాబట్టి గణపతి నిమజ్జనం అయ్యాక ఆ పని నేను తీసుకున్నాను.

మూడు చోట్ల అంటించాను. తలుపు దగ్గర ఒకటి, నడి గదిలో ఒకటి, బాపమ్మ కూర్చునే మూలలో ఒకటి. తమ్ముడు గంటకోసారి పోయి తొంగి చూసేవాడు. మర్నాడు పొద్దున తలుపు దగ్గర పొడి. నడిగదిలో పొడి. బాపమ్మ మూలలో కాగితం కింద చెమట పట్టినట్టు బొట్లు. ఆ మూల గోడకు అవతలే మోరి ఉంది. నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఇంక చెప్పక్కర్లేదు.

నేను గొప్పగా చూపిస్తే బాపమ్మ నవ్వింది. "గది నాకు నలభై ఏండ్ల సంది ఎరుకే. అందుకే గాడ కూసుంట. ఆకు ఎండిపోదు, మెత్తగుంటది." తునికాకు ఎండితే చుట్టేటప్పుడు పగులుతుంది. దాన్ని తడి గుడ్డలో చుట్టి ఉంచాలి. ఆ మూల చల్లదనానికి తడి గుడ్డ త్వరగా ఆరదు. మాకు చెమ్మగా ఉన్నది ఆమెకు పనిముట్టు!

చెమ్మ ఉన్న చోట వినైల్ పరిస్తే ఆ నీరు ఆవిరై పైకి పోలేదు. కింద బూజు పడుతుంది. బూజు తమ్ముడి ఛాతీకి దుమ్ము కంటే చెడ్డది. అంటే వాడి కోసమని గదంతా కప్పేస్తే వాడికే కీడు చేసినట్టు అయ్యేది. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. ఎందుకంటే అమ్మ మనసులో ఆ మూల కూడా కప్పేస్తే బాపమ్మ బీడీల చాట తనంతట తానే లేస్తుందని ఉండింది. ఈ మాట అమ్మే నాతో చెప్పింది, రాయమని కూడా ఒప్పుకుంది.

చివరికి ఆ మూల 4 అడుగులు పొడవు, మూడున్నర అడుగులు వెడల్పు పర్శిగానే వదలాలని తేలింది. ఇక్కడ లెక్క చెప్పాలి, నాకు ఈ లెక్క చాలా నచ్చింది. గది 12 అడుగులు పొడవు, 10 అడుగులు వెడల్పు. షీటు చుట్ట వెడల్పు 2 మీటర్లు, అంటే సుమారు ఆరున్నర అడుగులు. గదికి అడ్డంగా పరిస్తే 10 అడుగుల ముక్కలు రెండు, మొత్తం 20 అడుగులు కొనాలి. నిలువుగా పరిస్తే 12 అడుగుల ముక్కలు రెండు, 24 అడుగులు. అడ్డంగా అయితే డబ్బు తక్కువ. కానీ అతుకు సరిగ్గా నడిచే దారికి అడ్డంగా వస్తుంది, రోజూ కాలు తగిలి లేస్తుంది. నిలువుగా అయితే అతుకు గోడకు మూడున్నర అడుగుల దూరంలో, నడిచే దారికి పక్కగా పోతుంది. బాపు డబ్బు వైపు, పరిచే పెద్దాయన అతుకు వైపు. ఇప్పుడు బాపమ్మ మూల వదిలేశాం కదా, రెండో ముక్క 12 కాదు, 8 అడుగులే చాలు. పన్నెండూ ఎనిమిదీ ఇరవై! నిలువుగా పరిచినా అదే 20 అడుగులు. అంచులు కోసుకోవడానికి ఒక అడుగు కలిపి 21 అడుగులు కొన్నాం. లెక్క కాగితం మీద చూపించినప్పుడు బాపు నా నెత్తి మీద చిన్నగా ఒకటి కొట్టాడు. ఆయన మెచ్చుకోలు అదే.

పరచడానికి ముందు పనే ఎక్కువ. దీపావళి సెలవుల మొదటి మూడు రోజులూ సందులు గీకడంతోనే సరిపోయింది. పాత స్క్రూడ్రైవరుతో ఒక్కో సందూ గీకి, మెత్తని బ్రష్షుతో ఎత్తాం. తమ్ముణ్ని ఆ మూడు రోజులూ అత్తయ్య వాళ్ళింటికి పంపించేశాం. అమ్మా నేనూ ముక్కుకు గుడ్డ కట్టుకున్నాం. ఎంత పొడి వచ్చిందంటే రెండు డబ్బాలు నిండాయి. నల్లగా, తంబాకు వాసనతో. అందులో తాత చొక్కా గుండీ ఒకటి, పాత పది పైసల బిళ్ళ ఒకటి దొరికాయి. బిళ్ళ తమ్ముడి కోసం దాచాను, గుండీ బాపమ్మ కొంగున కట్టుకుంది.

తర్వాత సందుల్లో వైట్ సిమెంట్ నింపాం. బాపమ్మ మూలలో కూడా నింపాం, అక్కడ షీటు లేకపోయినా పొడి దూరకూడదని. రసమట్టం పెట్టి, పొడుగాటి పట్టీ ఆనించి ఎత్తుపల్లాలు చూశారు. ఒక పలక అంచు లేచి ఉంటే రాతితో రుద్ది దించారు. వినైల్ మెత్తనిది, కింద ఏది ఉంటే అది కొన్నాళ్ళకు పైన అచ్చు పడుతుంది. చిన్న ఇసుక రేణువు ఉన్నా బొడిపెలా తేలుతుంది. సిమెంటు నాలుగు రోజులు ఆరింది. షీటు చుట్ట విప్పి ఒక రాత్రంతా గదిలో వట్టిగా పరిచి ఉంచాం. చుట్టగా ఉన్న వంపు పోవాలి, గది వేడికి అలవాటు పడాలి. ఆ రాత్రి మేమందరం వంటింట్లో ఒకరి మీద ఒకరం పడుకున్నాం.

మర్నాడు పెద్దాయన వచ్చి మూడు గంటల్లో ముగించాడు. అతుకు దగ్గర రెండు ముక్కలనూ ఒకదాని మీద ఒకటి వేసి, ఇనుప స్కేలు ఆనించి రెండింటినీ ఒకే కోతలో కోశాడు. అప్పుడు రెండు అంచులూ వెంట్రుక దూరనంతగా కలిశాయి. గోడల దగ్గర మాత్రం 3 మిల్లీమీటర్ల ఖాళీ వదిలాడు. ఎండాకాలం షీటు సాగుతుంది, చోటు లేకపోతే మధ్యలో ఉబ్బుతుందట. జిగురు వాడలేదు. అంచులకు, అతుకు కింద రెండు వైపులా అంటుకునే టేపు. ఎత్తి చూడాలంటే ఎత్తొచ్చు. బాపు అడిగింది అదే కదా.

మిగిలిన ముక్కలను బాపమ్మ నీళ్ళ పొయ్యిలో వేయబోతే ఆపాం. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు. పెద్ద ముక్కను రేపు ఎక్కడన్నా చిరిగితే అతకడానికి దాచాం, మిగతావి సామాను అరల్లో పరిచాం. కొత్త షీటు వాసన ఉంటుంది. ఐదు రోజులు కిటికీలు, తలుపులు తీసే ఉంచి, ఆ తర్వాతే తమ్ముణ్ని తెచ్చుకున్నాం.

కొన్ని పద్ధతులు మార్చుకోవాల్సి వచ్చింది. రబ్బరు అడుగున్న కాలిపట్టాలు వేయకూడదు, రబ్బరు తగిలిన చోట వినైల్ పసుపెక్కుతుంది, ఆ మరక పోదు. బాపు తెచ్చిన పాత టవళ్ళు మడిచి వేశాం. మంచం కాళ్ళకు పాత చద్దరు ముక్కలు కట్టాం. వేడి గిన్నె నేరుగా పెట్టకూడదు. దేవుని దీపం కింద ఇత్తడి పళ్ళెం, అగరుబత్తి బూడిద రాలకుండా ఒక గిన్నె. బకెట్లతో నీళ్ళు పోసి కడిగే అలవాటు బంద్. పిండిన తడిగుడ్డతో తుడిస్తే చాలు. మొదటి రోజు అమ్మ తుడిచి, ఆ గుడ్డను మా అందరికీ తిప్పి చూపించింది, అంత నల్లగా వచ్చింది. తుడిస్తే వచ్చేస్తోంది, లోపల దాక్కోవడం లేదు.

తమ్ముడికి పూర్తిగా తగ్గిందా అంటే లేదు. చలికాలంలో రెండుసార్లు పిల్లికూతలు వచ్చాయి, పీల్చే మందు ఇంకా ఉంది. కానీ నాలుగు రాత్రులు వరసగా కూర్చోబెట్టుకోవాల్సిన పని మళ్ళీ రాలేదు. అది నేల వల్లా, మందు వల్లా, వాడు కొంచెం పెద్దవాడవడం వల్లా అన్నది నేను చెప్పలేను. నేల గురించి గొప్పలు చెప్పడం నాకిష్టం లేదు. ఎండాకాలం వచ్చాక షీటు మీద వీపు అంటుకుంటోంది, బాపు, నేను పోయి వంటింటి పర్శి మీద పడుకుంటున్నాం.

బాపమ్మ మాత్రం ఒక పని తనంతట తానే చేసింది. ఎవరూ అడగలేదు. పొద్దున్నే ఆకు కత్తిరించడం వరకే ఆ మూలలో. తంబాకు పోసి చుట్టేటప్పుడు చాట ఎత్తుకొని అరుగు మీదికి పోతుంది. "ఆడ గాలి మంచిగొస్తది, నలుగురు కనబడ్తరు" అంటుంది. అమ్మ రెండు పూటలూ చాయ్ అరుగు మీదికే తీసుకుపోతోంది. మొన్న పోయి చూస్తే ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. అమ్మ కట్టలకు దారం అందిస్తోంది.

జూన్‌లో వాన మొదలైన దగ్గర నుంచి ప్రతి ఆదివారం బాపు మూల దగ్గర టేపు విప్పి, అంచు ఎత్తి, కింద చెయ్యి పెట్టి చూస్తాడు. మొన్నటి ఆదివారం నన్నూ పెట్టి చూడమన్నాడు. అతుకు దాకా అంతా పొడి. మూలకు ఆనుకున్న అంచు మాత్రం వేళ్ళకు చల్లగా తగిలింది. బాపు చెవి మీది పెన్సిల్ తీసి అక్కడి నుంచి అరడుగు లోపలికి గీత గీశాడు. వచ్చే ఆదివారం అంతవరకు కోయాలి.